ముఖచిత్రం

హైదరాబాదు నగరంలోని మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైటెక్ సిటీకి ఎదురుగా జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, అనగా నిఫ్ట్, ఉంది. ఒకవైపు కంప్యూటర్లు, మరొకవైపు నూలుపోగులు. అక్కడ చదివే యువతీ యువకులకు పరిచితమైన పేరు అన్నా వింటూర్. ఆమె దుస్తులు నేయలేదు, కుట్టలేదు. అయినా లోకం ఏమి ధరించాలో అర్ధశతాబ్దానికి పైగా ఆలోచించిన పత్రికా సంపాదకురాలు.

వింటూర్ 1949 నవంబరు 3న లండన్‌లో జన్మించారు. తండ్రి చార్లెస్ వింటూర్ ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ దినపత్రిక సంపాదకులు. ఆమె కళాశాల విద్య అభ్యసించలేదు. 1970లో ఒక పత్రికలో సహాయకురాలిగా చేరి, అక్కడే వృత్తిమెలకువలు నేర్చుకున్నారు. తరువాత న్యూయార్క్‌లో చేరిన ఉద్యోగం ఏడాది తిరగకముందే పోయింది. ఆమె నిరుత్సాహపడలేదు. 1988లో అమెరికాలోని ‘వోగ్’ పత్రికకు ప్రధాన సంపాదకురాలయ్యారు.

ఆ ఏడాది నవంబరు సంచిక ఆమె తొలి సంచిక. అంతవరకు ముఖచిత్రాలపై అలంకరణతో మెరిసే ముఖాలే దగ్గరగా కనిపించేవి. ఆమె ఎంచుకున్న చిత్రంలో ఒక యువతి వీధిలో నవ్వుతూ నడుస్తోంది. పైన పదివేల డాలర్ల కోటు, కింద యాభై డాలర్ల జీన్స్! ఏదో పొరపాటు జరిగిందేమోనని ముద్రణాలయం వారు ఫోను చేసి అడిగారు. అది పొరపాటు కాదు, కొత్త చూపు. సంపన్నుల వస్త్రానికి సామాన్యుల వస్త్రం జోడైంది.

వందలాది చిత్రాలలో ఒకదానిని ఎన్నుకోవడమే సంపాదకత్వం. కాని ఒకటి ఎన్నుకుంటే తక్కినవన్నీ పక్కకు తొలగిపోతాయి. నల్లజాతి రచయితలకు, ఛాయాగ్రాహకులకు, రూపకర్తలకు తమ పత్రిక తగినంత చోటు కల్పించలేదని 2020లో ఆమె స్వయంగా అంగీకరించి, బాధ్యత తనదేనన్నారు. అధికారంలో ఉన్నవారు తమ లోపాన్ని ఒప్పుకోవడం సులభం కాదు. అయితే ముప్పై రెండేళ్ల తరువాత వచ్చిన ఆ మాట, చోటు దక్కనివారికి పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు. 2025లో ఆమె ఆ పత్రిక ప్రధాన సంపాదకత్వం నుండి వైదొలగారు.

నేడు సైబరాబాదు వీధులలో జీన్స్‌పై పోచంపల్లి ఇక్కత్ కుర్తా ధరించి ఉద్యోగానికి వెళ్లే యువతులు కనిపిస్తారు. నాడు ముద్రణాలయాన్ని కలవరపెట్టిన జోడింపు నేడు నిత్యజీవితమైంది. ఆ ఇక్కత్‌కు దారం ముడివేసి, రంగు అద్ది, మగ్గంపై నేసిన చేతులు మాత్రం ముఖచిత్రంపై అరుదుగా కనిపిస్తాయి. రేపు నిఫ్ట్ నుండి బయలుదేరే ఒక సంపాదకురాలు ఆ చేతులను ఎన్నుకుంటే, ముద్రణాలయం వారు మళ్లీ ఫోను చేయవచ్చు. పొరపాటు కాదని చెప్పగల ధైర్యం ఆమెకు ఉండాలి.