ఊ కొట్టేవాళ్ల జాబితా

రూటర్ అనగానే మీకు గుర్తొచ్చే వైఫై డబ్బా కాదిది. కొమురవెల్లిలో మా డాబా మీద ఇనుప పైపుకి కట్టిన యాంటెన్నా, కింద గదిలో ఒక పాత వీహెచ్ఎఫ్ రేడియో, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై. సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. అక్షరాలు కీచుమనే శబ్దాలుగా మారి గాల్లో పోతాయి, సెకనుకి 1200 బిట్లు. ఒక ఫోటో పంపి, అది చేరేలోగా చాయ్ పెట్టుకుని తాగి రావచ్చు. దీన్ని ప్యాకెట్ రేడియో అంటారు.

'యు' అని ఒక్క అక్షరం కొడితే ఆ క్షణాన ఎవరెవరు కనెక్టయి ఉన్నారో చూపిస్తుంది. పేర్లుండవు, వీయూ2, వీయూ3 అని మొదలయ్యే కాల్‌సైన్లే. హామ్ రేడియోలో మాటకి తాళం వేసి పంపకూడదు కాబట్టి ఎవరైనా వినొచ్చు. ఉత్తినే వినేవాళ్లు మాత్రం ఈ జాబితాలోకి రారు.

మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జనం విరగబడతారు, పసుపు మీద పసుపు. చుట్టూ ఎంతమంది కూర్చున్నా కథకుడి మాట అందుకుని ఊ కొట్టేది పక్కనున్న వంతగాళ్లే. రూటర్ లెక్క కూడా అంతే. పంపిన ప్రతి ప్యాకెట్‌కీ అవతలి నుంచి 'అందింది' అని రావాలి. రాకపోతే మళ్లీ పంపుతుంది, మళ్లీ. అన్నిసార్లూ పలకకపోతే పేరు కొట్టేస్తుంది. కరెంటు పోయినవాడు కూడా కాసేపు జాబితాలోనే ఉంటాడన్నమాట.

అసలు తిరకాసు వేరే ఉంది. ఆ ఊ కొట్టేది మనిషి కాదు, మిషను. కుర్చీ ఖాళీగా ఉన్నా అది పలుకుతూనే ఉంటుంది. అందుకే నా రూటర్లో ఒక గడువు పెట్టాను. 15 నిమిషాలు ఒక్క అక్షరమూ రాకపోతే లైన్ తెగుతుంది.

హామ్ అంటే అందరూ 2004 సునామీనే చెప్తారు. అండమాన్‌లో భారతీ ప్రసాద్ బృందం ఫోన్లు చచ్చిపోయినప్పుడు రేడియోలో కబుర్లు చేరవేసిన సంగతి. గొప్ప పనే. నా జాబితాలో అంత పెద్ద కథలేం లేవు. రోజూ సాయంత్రం ఏడింటికి సిద్దిపేట నుంచి ఒకే ఒక్క కాల్‌సైన్ వస్తుంది, నాకు మోర్స్ నేర్పిన సార్‌ది.

పక్షవాతం వచ్చాక ఆయనకి మాట పడిపోయింది. మైకు పట్టుకుంటే మూడూళ్ల ముచ్చట్లు చెప్పే మనిషి. ఇప్పుడు ఎడమచేతి వేలొకటి పనిచేస్తుంది. ఫోన్ తెర మీద ఆ వేలు నిలవదు, పాత కీబోర్డు మీటలైతే దొరుకుతాయి. ఏమీ రాయడు, ఒక చుక్క. పది పన్నెండు నిమిషాలకి ఇంకో చుక్క. నేను వేరే పని చేసుకుంటూ మధ్యమధ్యలో 'యు' కొట్టి చూస్తాను. ఏడుంబావు దాటినా పేరుంటే సార్ కుర్చీలో ఉన్నట్టు.

మొన్న జాతర ఆదివారం సెల్ టవర్లన్నీ జామ్. పక్కవీధిలో ఉన్న మా నాన్నకే కాల్ కలవలేదు. జాబితాలో మాత్రం ఆ ఒక్క పేరు రెండు గంటలు కదల్లేదు.

తెల్లారి ఆయన భార్య ఫోన్ చేసింది. "జర ఆ టైము పెంచరాదు బిడ్డా! ఎన్నిసార్లని నొక్కుతడు, వేలు వాచింది." సరే అమ్మా, అన్నాను. ఒక లైన్ మారిస్తే చాలు.

సాయంత్రం ఏడింటికి కాల్‌సైన్ వచ్చింది. గడువు గంట చేస్తున్నా సార్, అని పంపాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక్కోటి వెతుక్కుంటూ కొట్టి పంపినట్టున్నాడు: వద్దు.