రేటు చీటీ కట్టేదెవరు?



మన వైపు షాపింగ్ మాల్ అంటే నాలుగంతస్తుల బట్టల కొట్టు. ఏలూరైనా, గూడెమైనా అంతే. హీరోయిన్ వచ్చి రిబ్బన్ కత్తిరిస్తుంది, తర్వాత మనం పిల్ల పెళ్ళికి బట్టలు తీయడానికి లిఫ్టు ఎక్కుతాం. అమెరికాలో మాల్ అంటే వేరండి. ఎండా చలీ తగలకుండా మొత్తం ఒకే కప్పు కింద బోలెడు కొట్లు. అలాంటిది 1956లో మిన్నెసోటా రాష్ట్రంలో సౌత్‌డేల్ అని కట్టారు.

మన మాల్‌కి అసలు తాత పారిస్‌లో ఉన్నాడు. బాన్ మార్షే అనే కొట్టు. 1852లో బూసికో అనే ఆయన అందులో భాగస్తుడిగా చేరి, ప్రతి సరుకుకీ రేటు చీటీ కట్టాడు. బేరం లేదు. కొనకపోయినా తిరిగి చూడొచ్చు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.

మా నాన్న హయాంలో ఏలూరు బట్టల కొట్లో పరుపు మీద కూర్చోబెట్టి తాన్లు విప్పేవారు. బేరం ఒక పూట. డబ్బు లేకపోతే ఖాతా, నూర్పిళ్ళయ్యాక తీర్చడం. ఆ రోజులే బాగున్నాయని నేననను. ఖాతా పుస్తకంలో ఏం రాశారో మనకేం తెలిసేదండి? బేరం చేతకాని నాలాంటివాడికి చీటీయే మేలు.

కాకపోతే కొట్టువాడు తన సరుకుకి తనే చీటీ కట్టుకుంటాడు. మనం? కొల్లేరు పక్కన పట్టుబడి రోజున గట్టు మీద కౌంట్ చూసి రొయ్యకి రేటు చెప్పేది కొనేవాడే. నచ్చలేదని మళ్ళీ చెరువులో వదిలేస్తామా? రైతు మాటకీ కాస్త చోటు దొరికింది రైతు బజార్లో. 1999 జనవరి 26న మొదలయ్యాయి. పొద్దున్నే బోర్డు మీద రేటు రాస్తారు, రైతే కాటా పట్టుకుంటాడు.

తర్వాత ఏసీ కొట్లు కూరగాయల్లోకి దిగాయి. 2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదలుపెట్టింది మన హైదరాబాదులోనే. అక్కడే 1986లో పుట్టిన త్రినేత్రని 2007లో బిర్లా వాళ్ళు కొని ‘మోర్’లో కలిపేశారు. దళారీ పోతాడు, రైతు బాగుపడతాడు అన్నారు. మద్రాసులో 1997లో పెట్టిన సుభిక్ష ఊరూరా కొట్లు తెరిచి 2009కల్లా మూతపడింది. జీతాలు ఆగాయి, సరుకు పోసినవాళ్ళ బాకీలూ ఆగాయి. బిగ్ బజార్ 2001లో వచ్చింది, 2022లో పోయింది. పెద్ద బోర్డు చూసి అప్పు పెట్టకూడదండి.

నేనూ ఒక కంపెనీకి బెండ పోశాను, పేరెందుకులెండి. పది ట్రేలు తీసుకెళ్తే ఆరు తీసుకున్నారు. వంకర ఉందని, ముదురని నాలుగు పక్కన పెట్టారు. తీసుకున్నవాటికి రేటు బాగానే కట్టారు, అబద్ధమెందుకు. కానీ మిగిలిన నాలుగు ట్రేలూ మధ్యాహ్నం మార్కెట్‌కి చేరేసరికి అడిగే నాథుడు లేడు. పది మీద లెక్కేస్తే దళారీ ఇచ్చిందే నయం.

ఇప్పుడు మా ఊళ్ళో కుర్రాళ్ళు నలుగురు మళ్ళీ ఇలాంటి ఒప్పందానికే సిద్ధమవుతున్నారు. వద్దనడం లేదు. రేటు ఏ రోజుది, ఏరివేత పొలం దగ్గరా వాళ్ళ గోడౌన్ దగ్గరా, డబ్బు ఎన్నాళ్ళకి పడుతుంది, ఈ మూడూ కాగితం మీద రాయించుకోమన్నాను. వాళ్ళు శనివారం వస్తారట. మీలో ఎవరైనా పోసి ఉంటే ఈలోగా మీ లెక్క రాయండి, పిల్లలకి చూపిస్తాను.