రామతీర్థపు మూడు కొండలు

ఉత్తరాంధ్ర సోదరీమణులలో రామతీర్థము చూడనివారు అరుదు. శ్రీరామనవమి కల్యాణమునకో, శివరాత్రి జాతరకో, బిడ్డల పుట్టువెండ్రుకలు తీయించుటకో ఒక్కమారైనను పోయియే యుందురు. విజయనగరమునకు ఈశాన్యముగా ఇంచుమించు 8 మైళ్ళు. నెల్లిమర్ల రైలుస్టేషనులో దిగినచో ఇంకను దగ్గర. పోయినవారు కోనేట కాళ్ళు కడుగుకొని, క్రింది గుడిలో సీతారామలక్ష్మణులను సేవించి, చెంతనున్న సదాశివునకు మ్రొక్కి, ప్రసాదము మూట గట్టుకొని బస్సెక్కుదురు. ఎక్కబోవుచు తలయెత్తి కొండవంక చూచి "అబ్బ, ఎంత రాయి!" అనుకొందురు. అంతటితో యాత్ర ముగియును. ఆ రాతిమీద ఏమున్నదో చూడగోరు వారికొరకు మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అచ్చట నున్నవి మూడు కొండలు: బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. మన్యపు కొండలవలె ఇవి చెట్లతో కప్పబడినవి కావు. నున్నని బోడిరాయి, పగుళ్ళలో మాత్రము పొదలును, సీతాఫలపు చెట్లును. ఎత్తు గొప్ప కాదు. హిమాలయ శిఖరముల పేరు చెప్పువారు వీనిని చూచి నవ్వవచ్చును. కాని మూడింటిని ఒక్క దినమున ఎక్కి దిగి, చుట్టు తిరిగి వచ్చి చూడుడు. మోకాళ్ళు ఎత్తును మైళ్ళలో కొలువవని తెలియును.

పుష్యమాసమున ఒక సెలవు దినమున మేము బయలుదేరితిమి. మావారు, అత్తగారు, ఆడపడుచు, పండ్రెండేండ్ల మా అమ్మాయి, మేము. అత్తగారికి 68 ఏండ్లు. ఆమె క్రింది గుడిలో జపము చేసికొనుచు కూర్చుండుట, తక్కినవారు ఎక్కి వచ్చుట అని మావారి ఏర్పాటు. ఆమె ఔననలేదు, కాదనలేదు. తెల్లవారుజామున పనులవేళ కట్టునట్లు గోచి బిగించి కట్టుకొని వాకిట నిలిచియుండుట చూచినప్పుడే మాకు సంగతి బోధపడినది.

సామగ్రి విషయము ఒక మాట. నీరు దండిగా నుండవలెను. రెండు మరచెంబుల నీరును, ఒక మరచెంబు పలుచని మజ్జిగయు, దానిలో ఉప్పును దబ్బాకును వేసి పట్టుకొని పోయితిమి. చింతపండు పులిహోరయు ఊరమిరపకాయలును చాలును. తోలుచెప్పులు రాతిమీద జారును. రబ్బరు అడుగు గల బూట్లు మేలు. వాననీరు పారిన నల్లచారలమీద ఎంత ఎండిపోయినట్లు కనబడినను అడుగు వేయరాదు. అన్నిటికంటె ముఖ్యము, పది గంటలు దాటకముందే మొదటి కొండ దిగవలెను. ఆ తరువాత రాయి పెనమగును.

బోధికొండనే నీలాచలమనియు అందురు. దీనికి మెట్లున్నవి. పైన కోదండరాముని చిన్నగుడి యున్నది. ఈ గుడి పేరు 2020వ సంవత్సరము డిసెంబరు నెలాఖరున దేశమంతట మారుమ్రోగినది. ఎవరో దుర్మార్గులు రాత్రివేళ గుడి తలుపు పగులగొట్టి స్వామి శిరస్సు ఖండించిపోయిరి. అది కొండమీది కొలనులోనే దొరకినది. ఆ వార్త విన్ననాడు మా అత్తగారు అన్నము ముట్టలేదు. పిమ్మట తిరుపతినుండి క్రొత్త విగ్రహములు వచ్చినవి; గుడిని రాతితో తిరిగి కట్టి 2022వ సంవత్సరము ఏప్రిలులో ప్రతిష్ఠ గావించిరి. ఆనాటినుండి ఆమె "ఒక్కసారి చూసి రావాలి" అనుచునే యుండిరి. మోకాళ్ళనొప్పులని మేము వాయిదా వేయుచునే యుంటిమి.

మెట్టునకొక "రామ" యనుచు, పది మెట్లకొకసారి నిలుచుచు ఆమె మాకంటె ముందే పైకి చేరిరి. క్రొత్త రాతిగోడలు, క్రొత్త స్వామి. ఆమె చాలసేపు చూచి, "మొహం అదే కళ" అనిరి. కన్నీరు పెట్టుదురేమో అనుకొంటిమి, పెట్టలేదు. కొలను గట్టునకు పోయి మాత్రము నీటివంక చూచుచు నిలిచిపోయిరి. ఆనాడు రాత్రివేళ ఈ కొండమీద మనుష్యసంచారమున్నచో అట్టి పని జరిగియుండునా? పైకి వచ్చువారు లేని దైవమునకు కావలి ఎవరు? కాపలావాండ్రను, యంత్రపు కన్నులను పెట్టుట మంచిదే. కాని నలుగురు నడచు త్రోవకు నలుగురే కాపు.

ఈ కొండమీదనే రాతి మరుగున తీర్థంకరుల శిలలు గలవు. కొన్నిటికి ముఖములు అరిగిపోయినవి. పాండవులు ఇచ్చట వనవాసము చేసిరని జనులు చెప్పుకొని భీముని గృహమొకటి చూపుదురు. చిన్ననాడు మేము మేఘసందేశము చదువుకొనునప్పుడు యక్షుడున్న రామగిరి ఇదియే యని గట్టిగా నమ్మియుంటిమి. పండితులు దానిని నాగపురము దగ్గరి రామ్‌టెక్ అందురు. అననిండు, ఆషాఢమున ఈ కొండనెత్తిన మబ్బు వ్రాలినప్పుడు మా మనస్సు పండితుల మాట వినదు.

దిగి, కొండల మొదట చుట్టిపోవు త్రోవ పట్టితిమి. ముక్కోటి ఏకాదశినాడు భక్తులు గిరిప్రదక్షిణము చేయుదురు. సింహాచలమున ఆషాఢ చతుర్దశినాటి 32 కిలోమీటర్ల ప్రదక్షిణముతో దీనికి పోలిక లేదు. జీడిమామిడి తోటలు, కోతలైన మళ్ళు, మేకలు. అచ్చట కట్టెలమోపుతో ఎదురైన ఒక ముదుసలి "ఎటెల్తన్నారమ్మగోరూ?" అని అడిగినది. గురుభక్తులకొండకు అనగా, మోపు దింపి, "నానొస్తాను, దారి సూపుతాను. ఆడోళ్ళు ఎవులూ రారటు" అని ముందు నడచినది. ఆమెకు చెప్పులు లేవు.

గురుభక్తులకొండ బోధికొండవంటిది కాదు. మొదట మెట్లున్నను పిమ్మట చట్టుమీద ఏటవాలుగా పోవలసియుండును. నేలకు సుమారు 500 అడుగుల యెత్తున, కొండకు ఉత్తరపుటంచున, ఒక సన్నని చదును నిడుపుగా సాగును. ఒకప్రక్క గోడవలె నిలువురాయి. రెండవప్రక్క ఏమియు లేదు. వట్టి గాలి, అడుగున పొలములు.

మా అమ్మాయి మొదటి కొండమీద అందరికంటె ముందు పరుగెత్తి, అత్తయ్యను పరిహసించి, బామ్మకు చేయూత నిచ్చెదనని గొప్పలు పోయినది. ఇచ్చట ఇరుకైన చోట ఒక్కసారి క్రిందికి చూచినది. అంతే, నిలిచిపోయినది. ముందునకు కాలు రాదు, వెనుకకు రాదు. పెదవులు తెల్లబడినవి. మావారు చాల ముందున్నారు. పిలిచిన వారు వెనుదిరుగుటయే అపాయము. మేము చేయి చాచినచో అది మా మీద వ్రాలి ఇరువురమును తూలుదుమేమో యని భయము. ఆ క్షణమున మాకు దైవము పేరైనను నోట రాలేదు.

వెనుకనుండి అత్తగారి గొంతు వినబడినది. "నిలబడకే తల్లీ, కూర్చో. కూర్చున్నవాళ్ళు పడరు. ఊరిని చూడకు, రాయిని చూడు." ఆ గొంతులో తొందర లేదు, పప్పులో ఉప్పు చాలునా అని అడిగినట్లే యున్నది. పిల్ల కూర్చున్నది. ఆమె గోడ ప్రక్కగా ముందునకు జరిగి, తానును కూర్చుండి, రెండు అరచేతులు రాతికి ఆనించి, కూర్చున్నట్లే మెల్లగా సాగిరి. పిల్ల ఆమె కొంగు పట్టుకొని అట్లే సాగినది. ఇరువది బారల త్రోవ అట్లు గడచిరి. వెడల్పైన చోటు వచ్చిన పిమ్మట మేము "ఎక్కడ నేర్చితిరి?" అని అడుగగా, "మా పాలకొండలో చిన్నప్పుడు చింతపండుకీ, సీతాఫలాలకీ కొండెక్కేవాళ్ళం. ఏ బూట్లు వేసుకుని ఎక్కేం?" అనిరి. కాపురమునకు వచ్చి 14 ఏండ్లైనను, మా అత్తగారు కొండలెక్కిన పిల్ల యని మాకు అంతవరకు తెలియదు.

ఆ చదునుమీదనే బౌద్ధ భిక్షువుల ఆవాసము. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో పురాతత్త్వశాఖవారైన అలెగ్జాండర్ రీ దీనిని త్రవ్వించిరి. గుండ్రని స్తూపపీఠము, వెనుకభాగము అర్ధవృత్తముగా నున్న చైత్యములు, వరుసగా చిన్నచిన్న గదులు గల విహారముల ఇటుక పునాదులు. శాతవాహనుల నాటి నాణెములును దొరకినవి. గదులు మన దేవునిగది కంటె పెద్దవి కావు. రాతి గుంటలలో వాననీరు నిలిచియున్నది. ఇంత యెత్తున వారు బ్రతికినది ఆ నీటిచేతనే కాబోలు.

మాకు తోచినదొకటి చెప్పెదము. భిక్షువులు మధ్యాహ్నము లోపలనే భుజింపవలెనని వారి నియమము. కావున మా పిల్ల కూర్చుండి సాగిన త్రోవననే వారు ప్రతి ఉదయము పాత్రతో దిగి, గ్రామమున భిక్ష గొని, మరల ఎక్కియుందురు. ఆ పాత్రలో అన్నము వేసినది ఎవరు? క్రింది ఊళ్ళ ఇల్లాండ్రే గదా. అమరావతి స్తూపపు శాసనములలో దానము చేసిన స్త్రీల పేర్లు ఎన్నియో చెక్కబడినవి. వండి పెట్టినవారి పేర్లు మాత్రము ఏ రాతిమీదను ఉండవు. ఆ ఇటుకలమీద కూర్చుండి పులిహోర పంచుకొనుచు మేము వారినే తలచుకొంటిమి. దారి చూపిన ముదుసలి తన వంతు కొంగున ముడివేసికొన్నది, మనుమనికట.

మహాప్రస్థానమున ద్రౌపదియే మొదట పడినదని మా ఆడపడుచు అచ్చట జ్ఞాపకము చేసినది. వ్యాసుడు చెప్పిన కారణము వేరు, కాళ్ళ బలహీనత కాదు. జపానుదేశపు జుంకో తాబెయ్ 1975లో ఎవరెస్టు నెక్కిన తొలి స్త్రీ. నిజామాబాదు ప్రాంతపు గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014లో, పదునాలుగేండ్లు నిండకుండనే ఆ శిఖరము చేరినది. అత్తగారు ఆ పేరు రెండుసార్లు అడిగి తెలిసికొని, మా అమ్మాయివంక చూచిరి.

దిగునప్పుడు పిల్ల తానుగనే కూర్చున్నది.

దుర్గకొండ చేరునప్పటికి ప్రొద్దు వాలినది. ఇది తక్కిన రెంటికంటె సులువు. పడమటి వైపు గుహ యున్నది. అందు దుర్గాదేవి, జైన శిల్పములు. గుహగోడమీది శాసనము తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలమునాటిది, అనగా 11వ శతాబ్దపు తొలినాళ్ళది. రాజగురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనముని ఈ రామకొండకు వచ్చి భక్తితో వందనము చేసెనని అందున్నది. ఈ విమలాదిత్యుడు, నన్నయభట్టుచేత భారతము చెప్పించిన రాజరాజనరేంద్రుని తండ్రి. చోళరాజపుత్రి కుందవ భర్త. వేయేండ్లనాడు జైనముని నోటను ఈ కొండ రామకొండయే! బౌద్ధులు వచ్చిరి, జైనులు వచ్చిరి, మనము వచ్చితిమి. పేరు మాత్రము మార్చినవారు లేరు. శిలలకు పసుపు పూసియున్నది, ముందు నూనె మరకలు. "ఈయన ఎవరు?" అని తీర్థంకరుని చూపి ముదుసలిని అడిగితిమి. ఆమె మాకు ఆపాటి తెలియదా అన్నట్లు చూచి, "దేవుడమ్మగోరూ" అన్నది.

బస్సులో అమ్మాయి గీరుకొన్న అరచేతులు చూచుకొనుచు నిద్రపోయినది. ఇంటికి వచ్చి కొబ్బరినూనె రాచితిమి. అత్తగారి మోకాళ్ళకును రాయబోగా ఆమె వద్దని, పంచాంగము తెమ్మని, వచ్చు ముక్కోటి ఏ తేదీన పడునో చూడుమని మావారితో అనిరి.