బ్యాకప్ ఉంది కదా నాన్నా?

మీ ఇంట్లో కంప్యూటర్ ఉండి, అందులో పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్ కాపీలు ఉంటే మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడుగుతాను. వాటికి బ్యాకప్ ఉందా? "ఉంది" అని మీరు వెంటనే అనగలిగితే ఇది ముఖ్యంగా మీ కోసమే. ఎందుకంటే నవంబర్ మొదటి ఆదివారం మా పెద్దమ్మాయి ఇదే ప్రశ్న అడిగితే నేనూ అంతే ధీమాగా "ఉంది" అన్నాను.

మా అమ్మాయి పదో తరగతి. జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి మేడ మీద వాన కొలుస్తోంది. ఖరీదైన పరికరమేమీ లేదు. ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటించింది. రోజూ ఉదయం స్కూలు బస్సు వచ్చేలోపు పైకి వెళ్ళి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూసి చీటీ మీద రాసుకునేది. ఆదివారం ఆ వారం చీటీలన్నీ ఎక్సెల్ షీట్‌లో ఎక్కించి, చీటీలు పారేసేది. వానాకాలం అయ్యాక ఆ అంకెలతో గ్రాఫ్ గీసి ప్రాజెక్ట్ ఇవ్వాలని తన ఆలోచన.

ఆ షీట్‌ను పాడుచేసింది నేనే. అక్టోబర్ చివర్లో ఒక మంగళవారం పండగ ఖర్చుల లెక్క వేసుకుందామని కూర్చున్నాను. తేదీల వరస సిద్ధంగా ఉంది కదా అని ఆ ఫైల్ తెరిచి, అంకెలు చెరిపి, నా లెక్క రాసుకున్నాను. 'సేవ్ యాజ్' నొక్కి వేరే పేరు పెట్టాల్సింది. అలవాటుగా 'సేవ్' నొక్కేశాను. ఆదివారం అమ్మాయి తెరిచి చూస్తే వాన ఉండాల్సిన చోట టపాకాయలు, మిఠాయిలు, కొత్త బట్టలు. ఫైల్‌ను డిలీట్ చేసి ఉంటే రీసైకిల్ బిన్‌లో దొరికేది. పాతదాని మీదే కొత్తది సేవ్ చేస్తే అక్కడ కూడా ఏమీ ఉండదు.

అమ్మాయి అరవలేదు. నా వైపు చూసి, "బ్యాకప్ ఉంది కదా నాన్నా?" అంది. "ఉందమ్మా, రోజూ రాత్రి ఎనిమిదింటికి దానంతటదే తీసుకుంటుంది" అన్నాను.

ఆ బ్యాకప్ నేను ఎంతో శ్రద్ధగా అమర్చుకున్నదే. దాని పద్ధతి పేరు డిఫరెన్షియల్. మన పిల్లల భాషలో చెబుతాను. మీ అబ్బాయి బడికి వెళ్ళలేదనుకోండి, స్నేహితుడి నోట్సు కావాలి. జూన్ 1 దాకా ఉన్నదంతా ఒక పెద్ద పుస్తకంలో ఉంది. అది ఫుల్ బ్యాకప్. ఆ తర్వాత ఏ రోజు పాఠం ఆ రోజు విడి కాగితం మీద రాసుకుంటే అది ఇంక్రిమెంటల్. కాగితాలు తేలిగ్గా ఉంటాయి కానీ మధ్యలో ఒక్కటి పోయినా ఆ తర్వాతివి పనికిరావు. డిఫరెన్షియల్ అలా కాదు. రోజూ జూన్ 1 తర్వాత జరిగినదంతా మొదటి నుంచి మళ్ళీ రాస్తుంది. కాబట్టి ఎప్పుడు కావాలన్నా రెండే రెండు చాలు. ఆ పెద్ద పుస్తకం, చివరి రోజు నోట్సు. ఈ భద్రత నచ్చే నేను దీన్ని ఎంచుకున్నాను.

మే నెలలో అమర్చినప్పుడు మొదట కొన్ని తంటాలు పడ్డాను. రాత్రి రెండింటికి నడవమని పెట్టాను. ఆ సమయానికి కంప్యూటరే కాదు, గోడకున్న స్విచ్ కూడా ఆపేసి ఉంటాం. అందుకే రాత్రి ఎనిమిదికి మార్చాను. విండోస్ టాస్క్ షెడ్యూలర్ సెట్టింగ్స్‌లో, అనుకున్న సమయం తప్పితే వీలైనంత త్వరగా నడుపు అనే అర్థం వచ్చే గడి ఒకటుంది. మామూలుగా అందులో టిక్ ఉండదు, మనమే పెట్టాలి. మీది ల్యాప్‌టాప్ అయితే, ఛార్జర్ తగిలించి ఉంటేనే పని మొదలుపెట్టాలనే షరతు ముందే టిక్ అయి ఉంటుంది, అదీ చూసుకోండి. ఇంకో ఇబ్బంది డ్రైవ్ అక్షరం. ముందు పెన్ డ్రైవ్ పెట్టి, తర్వాత బ్యాకప్ డిస్క్ పెడితే నిన్న 'ఈ' అన్నది ఇవాళ 'ఎఫ్' అయింది. ప్రోగ్రామ్ పాత అక్షరం దగ్గరే వెతికింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి దానికి ఎవరూ వాడని 'వై' అక్షరం ఇచ్చాక ఆ గొడవ తీరింది.

జూన్ 1న ఫుల్ బ్యాకప్ చక్కగా పూర్తయింది. ప్రతి నెలా ఒకటిన కొత్త ఫుల్, మిగతా రోజుల్లో డిఫరెన్షియల్. పాతవి పేరుకుపోకుండా ఆటోమేటిక్ క్లీనప్ కూడా పెట్టాను. రెండు సెట్లు ఉంచు, మూడోది పూర్తికాగానే అన్నిటికన్నా పాతది తీసెయ్ అని. ఇక దాని సంగతి మరిచిపోయాను. రోజూ స్క్రీన్ మూలన వచ్చే సందేశాలు పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు అడ్డొస్తున్నాయని జూలైలో వాటిని కూడా ఆపేశాను.

నవంబర్‌లో ఆ ఆదివారం అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని బ్యాకప్ ప్రోగ్రామ్ తెరిచాను. చివరి బ్యాకప్ తేదీ జూలై 8.

నమ్మబుద్ధి కాక షెడ్యూలర్ తెరిచాను. అందులో రోజూ పని నడిచినట్టే ఉంది. తర్వాత అర్థమైంది. ప్రోగ్రామ్‌ను సమయానికి లేపడం వరకే షెడ్యూలర్ పని. లేచిన ప్రోగ్రామ్ పని పూర్తి చేసిందో లేదో దానికి పట్టదు. హాజరు పట్టీలో టిక్ ఉన్నంత మాత్రాన పాఠం వచ్చినట్టు కాదని మన తల్లిదండ్రులకు వేరే చెప్పాలా? అసలు విషయం ప్రోగ్రామ్ లాగ్‌లో ఉంది. జూలై 9 నుంచి రోజూ ఒకటే మాట. డిస్క్‌లో చోటు లేదు.

నా డిస్క్ 1 టీబీ. విండోస్ లెక్కలో అది సుమారు 931 జీబీ. ఫుల్ బ్యాకప్ 250 జీబీ. మా ఇంట్లో ఫోన్ల ఫొటోలు, చిన్నోడి క్రికెట్ కోచింగ్ వీడియోలు అన్నీ కలిపి రోజుకు దాదాపు 1 జీబీ చేరుతుంది. నెలకు 30 జీబీ, ఎంత లెక్క వేసినా ఇది నిండదే అన్నాను.

అమ్మాయి కాగితం తీసుకుంది. "నాన్నా, నువ్వే చెప్పావుగా, రోజూ మొదటి నుంచి మళ్ళీ రాస్తుందని. అయితే మొదటి రోజు 1, రెండో రోజు 2, మూడో రోజు 3. ఇది అంకశ్రేఢి" అంది. జూన్ 2 నుంచి 30 దాకా 29 రోజులు. 29ని 30తో గుణించి, రెండుతో భాగిస్తే 435. నేను 30 అనుకున్నది 435 జీబీ. ఫుల్‌తో కలిపి 685. జూలై 1న కొత్త ఫుల్‌కు 280 జీబీ కావాలి, ఉన్న ఖాళీ 246. అది విఫలమైంది. అయినా ప్రోగ్రామ్ ఆగలేదు. పాత ఫుల్‌నే పట్టుకుని 31, 32, 33 అంటూ జూలై 8న 37 జీబీ దాకా రాసింది. మిగిలింది 8 జీబీ. మర్నాడు 38 కావాలి. అక్కడ ఆగిపోయింది.

మరి క్లీనప్ ఏం చేస్తోంది? దాని తప్పేమీ లేదు. కొత్త సెట్ పూర్తయితేనే పాతది తీయమన్నది నేనే. కొత్తది పూర్తి కావాలంటే చోటు కావాలి, చోటు రావాలంటే పాతది పోవాలి, పాతది పోవాలంటే కొత్తది పూర్తి కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టు నాలుగు నెలలు గడిచాయి. నిజానికి ఆ నియమం మంచిదే. కొత్తది చేతికి రాకముందే పాతది తీసేసే క్లీనప్ ఇంకా ప్రమాదం. రెండు సెట్లు ఉంచాలనుకుంటే మూడో ఫుల్‌కు కూడా చోటు ఉండాలన్న లెక్క నేను వేయలేదు.

ఆ కంగారులో ఇంకో తప్పు చేయబోయాను. చోటు కోసం అన్నిటికన్నా పెద్దదీ పాతదీ అయిన జూన్ 1 ఫైల్‌ను తీసేయబోయాను. దీని మీద ఆధారపడినవన్నీ పనికిరాకుండా పోతాయని ప్రోగ్రామ్ హెచ్చరించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెద్ద పుస్తకం పోతే చివరి రోజు నోట్సు ఒక్కటే ఉండి ఏం లాభం? మీకూ ఎప్పుడైనా డిస్క్ నిండితే చేత్తో డిలీట్ చేయకండి, ప్రోగ్రామ్ ద్వారానే తీయించండి. అదీ మీకు కావాల్సింది బయటికి తెచ్చుకున్న తర్వాతే.

జూన్ 1 ఫుల్, జూలై 8 డిఫరెన్షియల్ కలిపి ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి తెప్పించాను. వచ్చింది. జూలై 6 ఆదివారం దాకా అంకెలున్నాయి. చివరి వారం చీటీలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. మధ్యలో జూలై 7 నుంచి అక్టోబర్ 26 దాకా 112 రోజుల వాన లేదు.

ఏదో ఒకటి అనాలని, "వాతావరణ శాఖ లెక్కలు దొరుకుతాయిలే అమ్మా, అవి పెడదాం" అన్నాను. "అవి మన మేడ మీద పడిన వాన కాదు నాన్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా ఆవిడ వంటింటి క్యాలెండర్ తీసుకొచ్చింది. అమ్మాయికి పరీక్షలున్న రోజుల్లో తను మేడ మీదికి వెళ్ళి, పాల లెక్క పక్కనే వాన లెక్క కూడా రాసిపెట్టిందట. అలా 19 రోజులు దొరికాయి. మిగిలిన 93 రోజులను అమ్మాయి గ్రాఫ్‌లో ఖాళీగానే వదిలింది. కింద కారణం రాసింది. నా పేరు రాయలేదు. "ఫైల్ పోయింది, బ్యాకప్ జూలైలో ఆగింది" అని మాత్రం రాసింది.

తర్వాత మేము చేసుకున్న మార్పులు చెబుతాను. ఇప్పుడు మా ఫుల్ బ్యాకప్ 400 జీబీ. 2 టీబీ డిస్క్ కొన్నాం, అందులో వాడుకోవడానికి 1860 జీబీ వస్తుంది. నెలకోసారి ఉన్న ఫుల్‌ను రెండు వారాలకోసారి మార్చాం. మధ్యలో 13 డిఫరెన్షియల్స్, మొత్తం 91 జీబీ. రెండు సెట్లు కలిపి 982, మూడో ఫుల్‌కు ఇంకో 400, అంతా 1382. ఈ లెక్క అమ్మాయి చేత వేయించాకే డిస్క్ కొన్నాను. డేటా పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మళ్ళీ వేయాలి. ఆపేసిన సందేశాలు మళ్ళీ తెరిచాను. ఆన్‌లైన్ క్లాసుకు అడ్డొస్తే గంటసేపు ఆపుతాం, అంతే.

క్లీనప్‌కు గడువు పెట్టేటప్పుడు ఎంత చోటుందో చూస్తే సరిపోదు, తప్పు జరిగితే మనం ఎన్నాళ్ళకు కనిపెడతామో కూడా చూడాలి. నా తప్పు ఐదు రోజుల్లో బయటపడింది. అదే వేసవి సెలవుల్లో జరిగి ఉంటే రెండు నెలల దాకా ఆ షీట్ ఎవరూ తెరిచేవారు కాదు. ఈలోగా క్లీనప్ తన పని తాను చేసుకుంటూ మంచి కాపీని తీసేసి, పాడైనదాన్నే భద్రంగా దాచేది. అందుకే పిల్లల స్కూలు ఫోల్డర్‌ను ప్రతి నెలా చివరి ఆదివారం తేదీ పేరుతో పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నాం. అది 4 జీబీ కూడా ఉండదు. ఆ పెన్ డ్రైవ్ మా అత్తగారింట్లో ఉంటుంది. దాని జోలికి ఏ క్లీనప్పూ వెళ్ళదు.

అన్నిటికన్నా ఉపయోగపడిన మార్పు చాలా చిన్నది. అదే ఆదివారం పిల్లల్లో ఒకరు ఏదో ఒక ఫైల్ పేరు చెబుతారు. నేను దాన్ని బ్యాకప్‌లోంచి వేరే ఫోల్డర్‌లోకి తెప్పించి, తెరిచి చూపించాలి. పది నిమిషాల పని. మొన్న చిన్నోడు రెండేళ్ళ కిందటి తన డ్యాన్స్ వీడియో అడిగాడు. వచ్చింది, అందరం చూసి నవ్వుకున్నాం.

ఈ ఆదివారం మీరూ ఒక్క ఫైల్ తెప్పించి చూడండి. ఏ ఫైలో మీ పిల్లల్నే చెప్పమనండి. మా మేడ మీద బాటిల్ ఇంకా అక్కడే ఉంది. వచ్చే జూన్‌లో మళ్ళీ మొదలుపెడతానంటోంది మా అమ్మాయి, ఈసారి చీటీలు కూడా దాచుకుంటుందట.