డెట్రాయిట్ ఉప్పు, బరంపురం ఊరగాయ

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళందరూ నయాగరా గురించీ, న్యూయార్కు మేడల గురించీ చెబుతారు. మేమూ 2018 డిసెంబరులో వెళ్ళాం. డెట్రాయిట్ నగరానికి దగ్గర్లో నోవై అనే ఊళ్ళో మా అబ్బాయి, కోడలు, నాలుగేళ్ళ మనవరాలు ఉంటారు. వాళ్ళింట్లో నాలుగు నెలలున్నాం. నయాగరా కూడా చూశాం. కానీ ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఉప్పు. నవ్వకండి, చదవండి.

నాకూ ఉప్పుకీ పాత చుట్టరికం. బరంపురం నుంచి ఖుర్దా వైపు రైల్లో వెళితే ఛత్రపురం, గంజాం దాటాక హుమ్మా వస్తుంది. అక్కడి ఉప్పు మడుల్లో మా నాన్నగారు గుమాస్తా. వేసవి సెలవుల్లో ఆయన వెంట వెళ్ళి గట్టు మీద కూర్చునేదాన్ని. మడుల్లో నీరు ఎండి ఉప్పు తేలాక అడుగున కాస్త జిడ్డుగా ఉండే నీరు మిగిలేది. నోట్లో వేసుకుంటే చేదు. ఆ చేదునీరు బాగా వార్చకపోతే ఉప్పు నిలవుండదని, వానాకాలంలో బస్తాలు చెమ్మగిల్లి కారిపోతాయని మా నాన్నగారు అనేవారు. ఆ చేదుకు కారణం అందులో ఉండే మెగ్నీషియం లవణాలని తర్వాత కాలేజీలో చదువుకున్నాను. మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమని లాక్కుంటుంది. మన ఇళ్ళలో కళ్ళుప్పు జాడీ శ్రావణమాసంలో నీళ్ళు కారేది దాని మూలంగానే.

ఇక డెట్రాయిట్ సంగతి. ఆ సంవత్సరం జనవరి నెలాఖరున అక్కడ చలి సున్నాకి దిగువన 20 డిగ్రీలు దాటింది. కిటికీ దగ్గర నిలబడితే చాలు, ఎముకలు కొరికేసేది. మంచు పడే రాత్రి పెద్ద లారీలు పసుపు దీపాలు తిప్పుకుంటూ వచ్చి, ముందు పలకతో మంచు తోసేసి, వెనక నుంచి ఏదో గింజలు చల్లుకుంటూ పోయేవి. అవేమిట్రా అని అడిగితే, "ఉప్పేనమ్మా" అన్నాడు మా వాడు.

రోడ్డు మీద ఉప్పు! మా నాన్నగారు గుప్పెడు ఉప్పు కింద పడితే ఏరించేవారు. ఇక్కడ టన్నుల కొద్దీ నేలపాలు చేస్తున్నారే అనిపించింది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా బాగా చల్లబడాలి. అందుకని చల్లుతారు. లేకపోతే రోడ్డు అద్దంలా గడ్డకట్టి, కార్లు ఒకదాని మీదికొకటి జారిపోతాయి. ఆ ఉప్పు వల్ల ఏటా ఎందరి ప్రాణాలు నిలుస్తున్నాయో.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ ఉప్పు దూరం నుంచి రానక్కర్లేదు. డెట్రాయిట్ నగరం కిందే ఉంది. దాదాపు 40 కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ సముద్రం ఉండేదట. అది ఎండిపోయి ఉప్పు పొరగా మిగిలింది. 1895లో ఆ సంగతి బయటపడింది. 1906లో గొయ్యి తవ్వడం మొదలుపెట్టి 1910కి పూర్తి చేశారు. సుమారు 1,200 అడుగుల లోతున 1,500 ఎకరాల మేర గని ఉంది. లోపలి దారులన్నీ కలిపితే వంద మైళ్ళు పైమాటే. లోపల నడిచే పెద్ద పెద్ద యంత్రాలను విడి ముక్కలుగా దింపి, కిందే మళ్ళీ బిగిస్తారు. చూడాలని నేను తెగ ముచ్చటపడ్డాను గానీ సందర్శకులను లోపలికి పంపరు. ఒకరోజు మా వాడు ఆ వైపు కారు పోనిచ్చి, "ఇప్పుడు మనం ఉప్పు గని మీద వెళ్తున్నామమ్మా" అన్నాడు. పైన మామూలు రోడ్డు, ఇళ్ళు, పెట్రోలు బంకు. అంతే చూశాను.

మామూలు ఉప్పు సున్నాకి దిగువన తొమ్మిది, పది డిగ్రీల దాకానే బాగా పని చేస్తుంది. చలి అంతకన్నా ముదిరితే దానికి కాల్షియం క్లోరైడ్ ద్రవాన్నో, మెగ్నీషియం క్లోరైడ్ ద్రవాన్నో కలుపుతారు. ఈ మాట వినగానే నాకు హుమ్మా గట్లు గుర్తొచ్చాయి. మా నాన్నగారు వార్చి పారబోయించిన చేదునీటి సరుకునే ఇక్కడ డబ్బిచ్చి కొని చల్లుతున్నారు. ఈ రెండూ తేమను పట్టుకుని వదలవు. రోడ్డు ఆరిపోయినట్టు కనిపించినా, కారు కింద అంటుకున్నది మాత్రం తడిగానే ఉంటుంది. ఎండాకాలంలో కూడా గాలిలో తేమ ఉంటే మళ్ళీ చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మ చేసే పని ఏమిటో శివరాత్రి నాడు తెలిసింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన సామెత. 2019లో శివరాత్రి మార్చి 4న వచ్చింది. అక్కడి చలికి మన సామెత తెలియదు, దాని దారిన అది ఉంది. సాయంత్రం ఉపవాసంతోనే అందరం గుడికి వెళ్ళాం. దర్శనం చేసుకుని వచ్చి కారెక్కాం. మా వాడిది కరెంటుతో నడిచే కారు. కొన్నేళ్ళు వాడినదే. పేరు ఎందుకు లెండి. ఇంజను మోత ఉండదు, పొగ ఉండదు. మనవరాలు వెనక తన సీట్లో నిద్రపోతోంది.

గుడి ఆవరణలోంచి మెల్లగా మలుపు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి ఎదురుగా తెర మీద ఎర్రటి గుర్తు వెలిగింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మా వాడు రెండు చేతులతో లాగుతున్నాడు, కారు మాత్రం తిరగకుండా నేరుగా పోతోంది. ఎదురుగా తోసి పోసిన మంచు గుట్ట. బ్రేకు నొక్కాడు. కారు కొంచెం జారి, ముక్కు ఆ గుట్టలో దిగి ఆగింది. నడక వేగమే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పాప నిద్ర కూడా లేవలేదు. కానీ గుడికి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు మీద గంటకి 70 మైళ్ళ వేగంతో వచ్చామన్న సంగతి గుర్తొచ్చి నా కాళ్ళు వణికాయి.

మా వారు బస్సు డిపోలో ఫిట్టరుగా చేరి ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దిగి, స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "చక్రానికీ స్టీరింగుకీ ఉన్న లంకె తెగలేదురా. సాయం చేసే మోటారు పోయింది. నేను డిపోలో చేరినప్పుడు బస్సులన్నీ ఇంతే బరువు. మా డ్రైవర్ల భుజాలు చూశావు కదా" అన్నారు.

"అయితే నెమ్మదిగా ఇంటికి నడిపేస్తాను నాన్నా" అన్నాడు వాడు.

"వద్దు. ఏది విరిగిందో తెలియకుండా పిల్లనెక్కించుకుని నడపకూడదు" అన్నారు ఈయన. ఇంకో మాట లేదు. గుడికొచ్చిన మన తెలుగువాళ్ళే మమ్మల్ని తమ కారులో ఇంటికి దింపారు. మా కారును చక్రాలు నేలకి తగలకుండా చదునుగా ఉండే లారీ మీదికి ఎక్కించి తీసుకుపోయారు. కరెంటు కార్లను మామూలుగా తాడు కట్టి లాక్కుపోకూడదట.

రెండు రోజుల తర్వాత రిపేరు చేసే చోటికి మా వారిని కూడా తీసుకెళ్ళమని నేనే అన్నాను. ఆయన ముఖం చూడాలి, పెళ్ళికి బయల్దేరినట్టు తయారయ్యారు. కారును లిఫ్టు మీద పైకెత్తి, పొట్ట కింద ఉండే ప్లాస్టిక్ మూత విప్పారట. స్టీరింగ్ తిప్పితే కింద పళ్ళున్న కడ్డీ ఒకటి అటూ ఇటూ జరిగి చక్రాలను తిప్పుతుంది. ఆ కడ్డీ ఉన్న గొట్టం పక్కన చిన్న మోటారుని బోల్టులతో బిగించి ఉంచుతారు. మన చేతి బలానికి ఆ మోటారు తన బలం కలుపుతుంది. అందుకే ఒక వేలితో కూడా తిప్పగలం. ఆ బోల్టులు తేలిక కోసం అల్యూమినియంతో చేసినవి. రెండింటి తలలు తెగి ఉన్నాయి. మోటారు తన చోటు నుంచి ఎడమై, దాని బలం కడ్డీకి అందడం లేదు. తెగిన చోట తెల్లటి పిండి.

ఆ సాయంత్రం మా వారు ఒక విరిగిన బోల్టు అడిగి తెచ్చి నా చేతిలో పెట్టారు. చిటికెన వేలంత ఉంది. ఆ తెల్లటి పిండి చూడగానే నాకు పోలిక తట్టింది. మా అత్తగారు ఊరగాయని సిల్వరు గిన్నెలో పెట్టనిచ్చేవారు కాదు. ఒకసారి కొత్తకోడలిగా ఉన్నప్పుడు తెలియక జాడీ మీద సిల్వరు మూత పెట్టాను. నాలుగు నెలలకి మూత లోపల తెల్లటి పొడి, సూది బెజ్జాల్లాంటి గుంటలు. అల్యూమినియం మీద సన్నని పొర ఒకటి ఉండి దాన్ని కాపాడుతుంది. ఉప్పు తడి ఆ పొరని అక్కడక్కడా తినేస్తుంది. మూత అయితే ఊరికే కూర్చుంటుంది. బోల్టు బిగించి ఉంటుంది కాబట్టి దాని లోపల ఎప్పుడూ లాగుడు ఉంటుంది. ఉప్పు కొరికిన చోటే పగులు మొదలై, ఒకనాటికి పుటుక్కుమంటుంది.

"తల తెగితే ఏం, మిగిలిన ముక్కకి బెజ్జం వేసి, ఎడమ మర ఉన్న పనిముట్టుతో ఊడదీస్తే సరిపోయేది కదా?" అని అడిగాను. ఇన్నేళ్ళ కాపురంలో నాకూ కొంత ఒంటబట్టింది.

"అదే నేనూ అడిగాను. గొట్టం కూడా మెత్తటి లోహమే. బెజ్జం కాస్త పక్కకి పోతే మరలు చెడతాయి. స్టీరింగ్ దగ్గర అలాంటి సాహసం చేయకూడదన్నాడు. నిజమే" అన్నారు. తలలు తెగకుండా ఉంటే ఒక్కొక్కటే పాతది తీసి కొత్తది బిగించి, ఉప్పునీరు చొరకుండా పైన పూత పూస్తారట. అది కొద్ది సేపటి పని. తెగితే మాత్రం మోటారుతో సహా స్టీరింగ్ గొట్టం మొత్తం మార్చి, చక్రాల వరస సరిచూడాలి. మా వాడి కారుకి అదే చేశారు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఆ కారు తయారుచేసిన వాళ్ళ దగ్గర్నుంచి అంతకు కొన్ని నెలల ముందే ఉత్తరం వచ్చింది. చలి ప్రాంతాల్లో, ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు చల్లే చోట్ల ఆ బోల్టులు చెడిపోవచ్చని, తీసుకొస్తే ఉచితంగా మారుస్తామని అందులో ఉంది. 2018 మార్చిలో సరిగ్గా ఇలాంటి బోల్టుల కోసమే ఒక సంస్థ సుమారు 1,23,000 కరెంటు కార్లను వెనక్కి పిలిచిందని పత్రికల్లో కూడా వచ్చింది. మా వాడు ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు, తీరిక దొరికినప్పుడు వెళ్దామని. వెళ్ళలేదు. సంక్రాంతి నాడు మనవరాలు ముగ్గు బొమ్మ గీసి ఇస్తే, ఏదో పాత కాగితం కదా అని దాని మీదే అంటించింది నేను. శివరాత్రి రాత్రి ఇంటికి రాగానే మా వాడు తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఆ బొమ్మ పైకెత్తి చూశాడు. ఎవరినీ ఏమీ అనలేదు. నాకు ఆ రాత్రి జాగారానికి వేరే కారణం అక్కర్లేకపోయింది.

మనలో చాలామంది పిల్లలు అలాంటి చలి దేశాల్లో ఉన్నారు. ఫోన్లో మాట్లాడినప్పుడు భోంచేశావా అని అడుగుతాం. ఇకపై కారు గురించి కూడా ఒక మాట అడగండి. అమెరికాలో ప్రతి కారుకీ 17 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు ఉంటుంది. రహదారి భద్రత చూసే ప్రభుత్వ శాఖకి అది ఇస్తే, ఆ కారుకి చేయించవలసిన మరమ్మతు మిగిలిందేమో చెబుతారు. ఒకరి చేతి నుంచి కొన్న కారైతే ఇది తప్పక చూసుకోవాలి, ఉత్తరం పాత యజమానికి పోయి ఉండవచ్చు. మన దేశంలో కూడా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, లోపమున్న బళ్ళను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది.

మంచు లేకపోయినా మనకి సముద్రం ఉంది. గోపాల్‌పూర్‌లో మా ఆడపడుచు ఇంటి కిటికీ చువ్వలు ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పడతాయి. యానాంలో, చెన్నైలో ఉన్నవాళ్ళకి నేను చెప్పాలా? బండిని పైన తళతళలాడేలా తుడుస్తాం. కింద కూడా అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడిగించాలి. స్టీరింగ్ బరువెక్కినట్టో, కొత్త చప్పుడు వచ్చినట్టో అనిపిస్తే రేపు చూద్దామనుకోకూడదు.

ఆ బోల్టు ఇప్పుడు బరంపురంలో మా వంటింటి అలమరలో, ఉప్పు జాడీ పక్కన ఉంది. పారేయమని మా వారు ఒకటి రెండు సార్లు అన్నారు. నేను పారేయలేదు. మా వాడు ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమ్మా, బోల్టు క్షేమమా?" అంటాడు. "అది క్షేమమే, నీ కారు కింద కడిగించావా?" అంటాను నేను.