కట్లు విప్పే సీను లేదు!

తలకి ఆపరేషన్ అంటే మన సినిమాల్లో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతుంది. బయట హీరోయిన్ గుడి గంటలు మోగిస్తుంది. లైటు ఆరిపోతుంది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి "ఆపరేషన్ సక్సెస్!" అంటారు. తరువాతి సీనులో కట్లు విప్పుతారు. అలా కాకపోతే, 1981 నాటి 'ప్రేమాభిషేకం' పద్ధతిలో హీరో జబ్బుకి మందే ఉండదు. మనం జేబురుమాళ్ళు తడుపుకుని ఇంటికొస్తాం.

నా కథ ఈ రెండింటికీ చెందలేదు. అందుకే రాస్తున్నాను.

నేను సినిమా వార్తలు రాసుకు బతికేవాణ్ణి. 2022 చివర్లో ఎడమ చెవిలో ఒకటే హోరు. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే అవతలివాళ్ళ మాటలు ముద్దముద్దగా వినిపించేవి. టవరు గొడవనుకున్నాను. కాదు! స్కానింగులో తేలిందేమిటంటే, వినికిడి నరం పక్కన రేగిపండంత కణితి, 17 మిల్లీమీటర్లు. కేన్సరు కాదన్నారు. కానీ పెరిగితే మెదడు కాండాన్ని నొక్కుతుందన్నారు. హాలీవుడ్ నటుడు మార్క్ రఫలోకి 2001లో వచ్చింది ఈ జాతి కణితే. ఆయనకి కోసి తీశారు. చాలా నెలలు ముఖం ఒక పక్క కదల్లేదు, ఎడమ చెవి వినికిడి పోయింది. అయినా 2012లో 'హల్క్'గా తెరని బద్దలు కొట్టాడు!

నాకు మాత్రం కొయ్యకుండా కిరణాలతో చేస్తామన్నారు. దీన్నే రేడియోసర్జరీ అంటారు. 1951లో స్వీడన్ డాక్టరు లార్స్ లెక్సెల్ పెట్టిన పేరు ఇది. సూత్రం మీకు తేలిగ్గానే అర్థమవుతుంది. షూటింగులో ఒక్కొక్క లైటూ గుడ్డిగానే ఉంటుంది, అన్నీ కలిసి హీరోయిన్ ముఖం మీద పడితే కళ్ళు జిగేల్‌మంటాయి. ఇక్కడా అంతే. సుమారు 200 సన్నని కిరణాలు. దారిలో ఒక్కటీ పెద్దగా హాని చెయ్యదు. అన్నీ కలిసే చోట మాత్రం కణితికి మూడినట్టే.

2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చేశారు. మత్తు సూదులిచ్చి, నుదుట రెండు, వెనక రెండు స్క్రూలతో తలకి ఒక చట్రం బిగించారు. మిషన్‌లో నలభై నిమిషాలు పడుకున్నాను. నొప్పి లేదు, వేడి లేదు. "ఏ పాటలు పెట్టమంటారు సార్?" అనడిగింది నర్సమ్మ. ఇళయరాజా అన్నాను. రెండు చెవులతోనూ వింటున్నాను కదా, మళ్ళీ ఎన్నాళ్ళు వింటానో అనిపించి గొంతు పట్టేసింది.

చట్రం తీసేశాక తల గంటసేపు పగిలిపోయింది. మాత్రకి తగ్గింది. నాలుగు చోట్ల చిన్న ప్లాస్టర్లు, అంతే! మర్నాడు ఇంటికి పంపేశారు. గుమ్మంలో మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కట్టేదిరా? అసలు ఆపరేషన్ చేశారా, డబ్బులుచ్చుకుని పంపించేశారా?" అంది.

అసలు సినిమా అక్కణ్ణుంచే మొదలైంది.

రెండో రోజుకి నుదుటి వాపు కళ్ళ మీదికి దిగింది. అద్దంలో చూసుకుంటే హీరో చేతిలో తన్నులు తిన్న రౌడీలా ఉన్నాను. మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. స్క్రూలు దిగిన చోట వెనకవైపు చర్మం మొద్దుబారి, చీమలు పాకినట్టు కొన్ని వారాలు వేధించింది. జుట్టు ఊడలేదు. కణితి చర్మానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి అక్కడక్కడ ఊడవచ్చట. ఒంట్లో రేడియేషన్ మిగలదు కూడా. మా అక్క కూతుర్ని మొదటిరోజే ఒళ్ళో కూచోబెట్టుకున్నాను.

వాపు రాకుండా కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలిచ్చారు. వాటి మహిమ ఏం చెప్పను! రాత్రి నిద్ర రాదు. అర్ధరాత్రి రెండింటికి పెరుగన్నం కలుపుకు తినేవాణ్ణి. ఆ మాత్రలు మనంతట మనం ఠక్కున మానకూడదు, డాక్టరు చెప్పిన లెక్కనే తగ్గించాలి. ఇక నీరసం! ఒక వ్యాసం సగం రాసేసరికి కాగితం మీదే తల వాలిపోయేది. అది కొన్ని వారాలుంది. బద్ధకం అనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. కాదు, అదీ వైద్యంలో భాగమే.

ఆరు నెలలకి స్కానింగు. కణితి కాస్త పెరిగింది! నా కాళ్ళల్లో సత్తువ పోయింది. డాక్టరుగారు మాత్రం నింపాదిగా బొమ్మ చూపించారు. "మధ్యలో నల్లబడింది చూశారా? లోపల చచ్చిపోతోంది. చచ్చేముందు ఉబ్బుతుంది. కంగారు పడకండి" అన్నారు. ఆ రోజుల్లోనే చీకటి హాల్లో మెట్లు దిగుతుంటే తూలేవాణ్ణి. గేటు కీపరు నన్ను తాగుబోతని అనుకున్నాడు. ఏడాదికి కణితి మళ్ళీ మొదటి సైజుకొచ్చింది. 2025 ఫిబ్రవరికి ఇంకాస్త తగ్గింది.

అదే ఈ వైద్యం తమాషా. కణితిని తీసెయ్యరు. అది అక్కడే ఉంటుంది, పెరగడం మానేస్తుంది. నాలాంటి కణితుల్లో పదింట తొమ్మిదికి పైగా అలా లొంగుతాయి. వేరే చోట కేన్సరు మెదడుకి పాకినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు రెండు మూడు నెలలకోసారి స్కానింగుకి వెళ్ళాలి. ఎవరికైనా సరే, ఆగని వాంతులు, ఫిట్స్, భరించలేని తలనొప్పి, కాలో చెయ్యో పట్టు తప్పడం, చూపు మసకబారడం, స్క్రూ గాయంలో చీము, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

మరి చెవి? అది దక్కలేదు. ఒక్కసారిగా పోలేదు. రెండేళ్ళలో కొంచెం కొంచెంగా, రేడియో స్టేషను తప్పిపోతున్నట్టు పోయింది. కణితి పెరిగినా పోయేదే, వైద్యం చేసినా చాలామందికి మెల్లిగా తగ్గుతుందని ముందే చెప్పారు. తెలిసినా ఏడుపొచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకుంటే వయొలిన్లు ఒక పక్కే వాయిస్తాయి. రెండో పక్క హోరు.

ఇప్పుడు నేను హాల్లో ఎడమ చివర సీటు తీసుకుంటాను. తెరా, మాటలూ, అమ్మా అందరూ నా కుడి చెవి వైపు ఉంటారు. ఇంటర్వ్యూకి వెళితే తారలని కుడి పక్కన కూచోమంటాను. ఒక హీరోగారు వాస్తు కాబోలు అనుకుని వెంటనే లేచి మారారు!

ప్రతి ఏడూ స్కానింగుకి వెళ్ళినప్పుడల్లా అమ్మ అడుగుతుంది: "ఇంకా ఎన్నాళ్ళురా? శుభం కార్డు ఎప్పుడు పడుతుంది?"

పడదమ్మా. ఇది సినిమా కాదు, సీరియల్. ప్రతి వాయిదాకీ కింద 'సశేషం' అని ఉంటే చాలు, ఆ రోజు మనం హోటల్లో రెండు పెసరట్లు తిని ఇంటికొచ్చేద్దాం.