యంత్రం ముఖం ఎటువైపు?

పారిశ్రామిక ఇంజనీరింగు పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. మనిషికీ యంత్రానికీ నడుమ ఉండే పిడి, మీట, అంకెల పలక ఎలా ఉండాలో చెప్పే అధ్యాయం మా పాఠ్యప్రణాళికలో చిట్టచివర ఉంటుంది. గంటలు చాలనప్పుడు ముందు కోత పడేది దానికే. ఆ కోతకు ఒకసారి నేనూ చెయ్యెత్తాను.

ఆ తరువాత కాఫీ కోతల కాలంలో విద్యార్థులతో అరకు వెళ్లాను. పండిన కాఫీకాయకు కోసిన రోజే తొక్క తీయాలి; ఆలస్యమైతే పులుస్తుంది. ఒక పెరట్లో తొక్క తీసే యంత్రాన్ని ఒక గిరిజన స్త్రీ రాతిమీద నిలబడి చేత్తో తిప్పుతోంది. పిడి పైకి వచ్చినప్పుడల్లా మునివేళ్లపై లేస్తోంది.

"నేను పొట్టిదాన్ని బాబూ" అంది, తప్పు తనదే అయినట్లు.

మన దేశపు మనుషుల శరీర కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి రాసిన గ్రంథాన్ని అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లోనే ప్రచురించింది. కొలతలు గ్రంథాలయంలో ఉన్నాయి. ఆమె రాతిమీద ఉంది.

మరునాడు సంతలో ఆమే కాఫీగింజల బస్తా దించింది. ఎలక్ట్రానిక్ కాటా అంకెలు షావుకారు వైపే వెలుగుతున్నాయి. ఆమెకు కనపడేది రేకు వీపు.

"అది ఇటు తిప్పమని అడగలేదా అమ్మా?" అన్నాను.

"తిప్పితే కొంటాడా బాబూ?"

ఇటువంటి దళారుల బారినుంచి గిరిజనులను తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా ఆ సంతలో కాటా ముఖం తిరగలేదు.

పిడి ఎత్తు అజ్ఞానం వల్ల తప్పింది, టేపుతో సరిదిద్దవచ్చు. కాటా ముఖం స్వార్థం వల్ల అటు తిరిగింది. దాన్ని ఏ టేపూ కొలవదు. మా శాస్త్రానికి ఆద్యుడైన టేలరు పారకు 21 పౌన్ల బరువు సరైనదని తేల్చాడు. దానితో 400-600 మంది కూలీల పని 140 మందితో సరిపోయిందని 1911లో తన గ్రంథంలో సగర్వంగా రాసుకున్నాడు. మనిషిని కొలవడం మాకు అప్పటినుంచీ తెలుసు. ఎవరికోసం కొలుస్తున్నామన్నదే పాఠంలోకి రాలేదు.

తిరుగు రైల్లో ఒక కుర్రవాడు అడిగాడు: "మాస్టారూ, ఈ కాటా ప్రశ్న పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుంది?"

జవాబు చెప్పలేకపోయాను. ఈసారి ప్రణాళికాసంఘం కూర్చున్నప్పుడు ఆ అధ్యాయాన్ని మొదటికి తెమ్మని అడుగుతాను. ప్రతి విద్యార్థీ ఒక పనిచోటుకు వెళ్లి, పనివాళ్ల చేయి ఎంతవరకు అందుతుందో కొలవాలి. ఆ యంత్రం అంకెలు ఎవరి కళ్లకు కనపడుతున్నాయో కూడా రాయాలి. మిత్రులారా, మీ కళాశాలల్లోనూ అడగండి.